సాయం వచ్చే దారి

ముప్పై నాలుగేళ్ళ మగాడు పొద్దస్తమానం అట్టముక్కలు కత్తిరించుకుంటూ కూర్చుంటే ఏ తండ్రికైనా ఒళ్ళు మండుతుంది. నాకూ మండేది. మా మిచియా టోక్యోలో యుద్ధాల ఆటలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాడు. పెద్ద కాగితం మీద తేనెపట్టు గదుల్లా గళ్ళు గీసి, వాటిమీద అట్టబిళ్ళలు జరుపుతూ, పాచికలు వేస్తూ ఆడే ఆటలవి. ఎప్పుడో నాలుగొందల ఏళ్ళ కిందట చచ్చిన వాళ్ళందరినీ మళ్ళీ లేపి మళ్ళీ చంపడం. "దీనికి జీతం కూడా ఇస్తారట్రా?" అని నేనంటే, "నువ్వు నీళ్ళు గడ్డకట్టించి అమ్మట్లేదా నాన్నా?" అనేవాడు. మాది టోఫు కొట్టు, సోయా పాలు విరిచి గడ్డకట్టించి అమ్ముతాం. మాటకి మాట అప్పజెప్పేదాకా వాడికి నిద్ర పట్టేది కాదు. ఆ నోరు నా దగ్గర్నుంచే వచ్చింది, ఇంకెవర్నీ అనడానికి లేదు.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా వాడు కడుపునొప్పితో ఇంటికొచ్చాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. పట్నంలో అడ్డమైన గడ్డీ తింటే ఇంతే అని వాళ్ళమ్మ కినుయే నానా తిట్లూ తిట్టి, మా వీధి చివర హతనక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కడుపు నొక్కి చూసి, పెద్దాసుపత్రికి తనే వెంటబెట్టుకుని పోయాడు.

పరీక్షలయ్యాక ఆయన మా ఇద్దర్నీ ఓ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మీవాడికి అల్సర్ అని చెప్పాను," అన్నాడు.

"అంటే కాదన్నమాట," అన్నాను నేను.

"కాదు ఇసబురో గారూ. పొట్టంతా పాకేసింది. కోసినా లాభం లేదు. ఇంజెక్షన్లతో కొన్నాళ్ళు లాగచ్చు. చెప్పకండి వాడికి. చెబితే బెంగతోనే పోతాడు."

అప్పట్లో మా దగ్గర అంతే. ఆ జబ్బు ఎవరికి వచ్చిందో వాళ్ళకి తప్ప ఇంటిల్లిపాదికీ చెప్పేవాళ్ళు. అదే దయ అనుకునేవాళ్ళం. నేనూ అలాగే అనుకున్నాను, మా నాన్నకి చెప్పకుండానే మా నాన్నని సాగనంపాను.

గదిలోంచి బయటికి వచ్చేముందు కినుయే రెండు బుగ్గలూ గట్టిగా గిల్లుకుంది, రంగు రావడానికి. వార్డులోకి అడుగుపెడుతూనే, "అల్సరేనట! నే చెప్పలా? ఇంక ఆ నూడుల్సు గీడుల్సు మానెయ్!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను కిటికీ వైపు తిరిగిపోయాను. తర్వాత వరండాలో నా చొక్కా చెయ్యి పట్టుకుని గోడకి అదిమేసింది. "మీ నోటిమీద నాకు నమ్మకం లేదు. ఒక్క మాట జారిందా, నేను సముద్రంలో పడతాను, చూస్కోండి." కొట్టు మీద ఒట్టేశాను. ముప్పై ఆరేళ్ళ కాపురంలో నేను నోరు మూసుకుంటానని ఒట్టేయడం అదే మొదటిసారి.

*

వాడికి మంచం మీద తోచడం లేదు. ఇంటినుంచి అట్టలు, కత్తి, జిగురు తెమ్మన్నాడు. ఆ శరత్కాలపు సంచికతో పాటు వాళ్ళ కంపెనీ వేసే పత్రిక ఓ ఆటని ఉచితంగా ఇస్తుందట. అది వీడు తయారుచెయ్యాలి. ఏ యుద్ధమో తెలుసా? మా ఊరిదే. ఊరి వెనక కొండమీద మొండిగోడలున్నాయే, ఆ సుగమొరి కోట ముట్టడి.

మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఆ కథ ఉగ్గుపాలతోనే వస్తుంది. పడమటి సైన్యం కొండ చుట్టూ కంచె వేసి కూర్చుంది. ఒక్క బాణం వెయ్యలేదు. దారులన్నీ మూసి, లోపలివాళ్ళ ఆకలికి పని అప్పజెప్పింది. తూర్పునుంచి పెద్ద ప్రభువు సైన్యంతో వస్తాడని కోటవాళ్ళు గుర్రాల్ని తిన్నారు, చెట్ల బెరళ్ళు తిన్నారు, ఆ తర్వాత ఏం తిన్నారో పిల్లల ముందు చెప్పరు. ఆయన రాలేదు. అందుకే మా ఊళ్ళో ఎవడైనా వస్తానని చెప్పి రాకపోతే "వీడిది తూర్పు సాయం" అంటారు. సోయా గింజల వర్తకుణ్ణి నేను రోజూ అలాగే తిట్టేవాణ్ణి.

"నాతో ఆడు నాన్నా," అన్నాడు ఓ రోజు. "ఎవరైనా ఆడితేగానీ ఆటలో లోపాలు బయటపడవు."

"నీ స్నేహితులు లేరూ?"

"వాళ్ళందరికీ ఆట వచ్చు. ఏమీ రాని మొద్దు కావాలి నాకు."

"సరైనవాణ్ణే పట్టుకున్నావు," అన్నాను.

మొదట నన్ను ముట్టడి వేసేవాడిగా పెట్టాడు. రెండో వంతులోనే నా కంచె సందులోంచి బియ్యం బండి ఒకటి లోపలికి వెళ్ళిపోయింది.

"అయ్యో నాన్నా, దాన్ని ఆపాలి!"

"పోనిద్దూ. లోపల ఆడాళ్ళూ పిల్లలూ ఉన్నారన్నావుగా."

"నీలాంటివాడు సేనాపతి అయ్యుంటే ఆ కోట ఇవాళ్టికీ ఉండేది," అని పొట్ట పట్టుకుని నవ్వాడు, నవ్వుతూనే నొప్పికి ముడుచుకుపోయాడు. పక్క మంచం ముసలాయన బెల్లు నొక్కబోతే వద్దన్నాడు. నొప్పి తగ్గాక బల్లని అటు తిప్పి, కోటని నాకిచ్చేశాడు. పడమటి సైన్యం తనే తీసుకున్నాడు.

ఇద్దరికీ చెరో నియమాల కాగితం. ఒకరిది ఒకరు చూడకూడదు. నా పని తేలికే: వంతు వంతుకీ బియ్యం బిళ్ళలు తీసెయ్యడం, ఉన్నది ఎవరికి పెట్టాలో, ఎవర్ని పస్తు ఉంచాలో చూసుకోవడం, చివర్న బురుజు మీది కాపలావాడి తరఫున పాచిక వెయ్యడం. కాగితం కుడి అంచునుంచి కోట వెనక తలుపు దాకా ఎర్రమట్టి రంగులో ఓ బాట గీసి ఉండేది. ఆ అంచు గడిలో వాడి చేతిరాతతో "సాయం వచ్చే దారి" అని ఉండేది. పాచికమీద ఆరు పడితే ఆ దారిలో దుమ్ము కనిపించినట్టు. ఆరు పడకపోతే ఇంకో వంతు ఆగాలి.

పొద్దున్నే టోఫు బట్వాడా చేసేసి, బస్సెక్కి ఆసుపత్రికి పోయేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఆట పిచ్చి పట్టింది. రెండు పడితే "ఇదేం పాడు పాచికరా!" అని అరిచేవాణ్ణి, వార్డంతా నవ్వేది. ఎన్ని ఆటలు ఆడినా ఓడిపోయేవాణ్ణి. అయినా ప్రతిసారీ ఈసారి నిలబడతానని పంతం. కానీ ఓ మాట, ఆ పంతం ఆటలోదే కాదు. నేను అక్కడ కాగితం మనుషులకి బియ్యం పంచుతుంటే, పక్కనే వాడి గంజి గిన్నె నిండుగా చల్లారిపోతూ ఉండేది. మొదట సగం తాగేవాడు. తర్వాత మూడు చెంచాలు. తర్వాత, పెట్టెయ్ నాన్నా, మళ్ళీ తాగుతానులే అనేవాడు. కొడుకు ఆకలితో పోవడం ఎదురుగా కూర్చుని చూడ్డం ఎలా ఉంటుందో చెప్పమంటే నాకు మాటల్లేవు. పగవాడికి కూడా వద్దు.

కినుయే ఊరుకుంటుందా? కొండదేవుడి నీళ్ళు తెచ్చింది. ఎవరో పుట్టగొడుగుల పొడి అంటే తెచ్చింది. పక్క జిల్లాలో చెయ్యి పెట్టి నయం చేసేవాడున్నాడంటే వాడి కాళ్ళు పట్టుకుని బస్సులో తీసుకొచ్చింది. దేనికైనా ఒకటే మాట, "ఈసారి తప్పకుండా." ఏ దేవుణ్ణీ నమ్మని నేను, ఆవిడ చూడకుండా ఆ కొండదేవుడి నీళ్ళు మావాడి టీ కెటిల్లో రెండింతలు పోసేవాణ్ణి.

*

వానలు వెలిసి చిమ్మెటలు అందుకున్నాయి. కిటికీ బయట చెవులు పగిలే గోల. ఆ మధ్యాహ్నం నా కోట ఎప్పుడూ లేనంత కాలం నిలబడింది. గుర్రాలు అయిపోయాయి. రైతుల బిళ్ళలు చాలావరకు తీసేశాను. సేనాపతికి కూడా సగం గిన్నే. అప్పుడు పాచిక వేస్తే ఆరు పడింది. తర్వాతి వంతులో మళ్ళీ ఆరు!

"దుమ్మురా! దుమ్ము లేచింది! వచ్చేస్తున్నారు!" అని కుర్చీలోంచి లేచిపోయాను.

వాడు దుమ్ముబిళ్ళని ఎర్రబాట మీద పెట్టాడు.

"ఊఁ, పెట్టు మరి సైన్యాన్ని."

"నాన్నా, తలుపు తెరిచెయ్."

"ఎందుకు తెరుస్తాను? సాయం గుమ్మంలోకి వచ్చాక?"

"రాదు."

"ఎందుకు రాదు? మన ఊళ్ళో నిజంగా రాలేదని నాకూ తెలుసు. కానీ ఇది ఆట కదా! దారి గీశావు, గడి గీశావు, దానికి పేరు కూడా పెట్టావు. రానివాడికి దారి ఎవడన్నా గీస్తాడా?"

"దారి గీశాను నాన్నా. సైన్యం బిళ్ళ చెయ్యలేదు."

నేను నమ్మలేదు. పెట్టె తీసి దుప్పటిమీద బోర్లించాను. గింజల్లో రాళ్ళు ఏరినట్టు ఒక్కో బిళ్ళా ఏరాను. పడమటి బంట్లున్నారు, కంచెలున్నాయి, బియ్యం ఉంది, నాలుగు దుమ్ముబిళ్ళలు ఉన్నాయి. తూర్పు సైన్యం లేదు.

"ఇది మోసంరా," అన్నాను.

"మోసమే. దారి లేకపోతే కోటవాడు మొదటి వంతులోనే తలుపు తెరిచేస్తాడు. ఇంక ఆటేముంది?" దగ్గు వచ్చి ఆగాడు. "నా కాగితంలో మొదటి వాక్యమే అది. ఈ ఆటలో సాయం రాదు, ఆ సంగతి ఎదుటివాడికి చెప్పకూడదు అని."

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నాకేసి చూడకుండా బిళ్ళలు రంగుల వారీగా సర్దుకుంటున్నాడు.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాను.

"అమ్మ నవ్వుతూ వచ్చి అల్సర్ అన్నప్పుడే. మన దేశంలో డాక్టరు అల్సరంటే, ఇంట్లోవాళ్ళు పండగ మొహాలు పెట్టుకుని వస్తే, అర్థం కానివాడు ఎవడుంటాడు నాన్నా? పక్క మంచం తాతగారిదీ అల్సరే. ఆయన మా ఇద్దరి తరఫునా కలిపి చెప్పాడు, 'మన అల్సర్లు జతగా ఎదుగుతున్నాయి' అని."

నాకు ఏడుపు రాలేదు. కుర్చీలో కూలబడ్డాను.

"కోటవాడి చేతిలో ఉండేది ఒక్కటే," అన్నాడు వాడు. "తలుపు ఎప్పుడు తెరవాలన్నది. నావల్ల కాదు నాన్నా. ఆ ఇంజెక్షన్ పడితే మూడ్రోజులు నేను మనిషిని కాను. నన్ను ఇంటికి తీసుకుపో. కొట్టు మీది గదిలో పడుకుంటాను. కింద నువ్వు అందర్నీ తిడుతూ ఉంటే వింటాను."

"తీసుకుపోతాను."

"అమ్మకి చెప్పకు. నాకు తెలుసని అమ్మకి తెలియనివ్వకు, నేనున్నప్పుడైనా, పోయాకైనా. నాకోసమే నవ్వుతోంది నాన్నా అమ్మ. నాకు తెలుసని తెలిస్తే ఇన్నాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఏం చేశామో తనకి అర్థమవుతుంది. తట్టుకోలేదు."

సరే అన్నాను. తల్లికీ ఒట్టు, కొడుక్కీ ఒట్టు.

*

కినుయే పెరట్లో టోఫు వడకట్టే గుడ్డలు ఉతుకుతోంది. వెళ్ళి నిలబడ్డాను. బస్సులో వస్తున్నంతసేపూ కారణం కోసం వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఉన్న ఒక్క కారణం చెప్పకూడనిది.

"వాణ్ణి ఇంటికి తెచ్చేద్దామే."

"మతి పోయిందా? ఇంజెక్షన్లు మొన్ననేగా మొదలెట్టారు! ఇవి పడితే కొత్త సంవత్సరం దాకా వస్తాడని డాక్టరు గారు అన్నారు. ఈలోపు ఇంకో మందేదన్నా రాకూడదా? ఇంటికి తెచ్చి ఏం చేస్తాం, చూస్తూ కూర్చుంటామా?"

నిజం నాలిక చివరదాకా వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని మింగాను.

"నాకు తిరగడం కుదరట్లేదు," అన్నాను. "తెల్లారకముందు లేచి రుబ్బాలి, అమ్మాలి, మళ్ళీ బస్సు. నడుం విరిగిపోతోంది. నిద్ర లేదు. కొట్టు మూతపడుతుంది. వాడు అక్కడుంటే నేనిక్కడ చస్తున్నాను."

కినుయే తలెత్తి నన్ను చూసింది. "మీ నిద్ర కోసమా?"

"ఆఁ. నా నిద్ర కోసమే."

వెంటనే నమ్మింది. అదే నన్ను కోసేసింది. ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. ముప్పై ఆరేళ్ళుగా నేను కసిరిన కసుర్లన్నీ నా తరఫున సాక్ష్యం చెప్పాయి. చేతిలోని తడిగుడ్డ నా మొహాన విసిరికొట్టింది.

"మీరు మనిషి పుటక పుట్టారా? కన్నకొడుకు!"

"ఇంటి పెద్దని నేను. నా మాటే చెల్లుతుంది," అన్నాను. గుడ్డ నీళ్ళు మెడమీంచి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

హతనక డాక్టరు కూడా నన్ను ఎగాదిగా చూశాడు. "మీ ఇష్టం," అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

*

పోయినవాళ్ళు ఇళ్ళకి వచ్చే ఓబొన్ పండగ ముందు వాణ్ణి ఇంటికి తెచ్చాం. కొట్టు మీది గదిలో పరుపు వేశాం. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. కినుయే రోజూ పొద్దున్నే మొహం కడిగించి, "ఇవాళ తేటగా ఉన్నావురా. పుండు మానుతోంది," అనేది. "అవునమ్మా, నిన్నటికన్నా నయం," అనేవాడు. కింద గింజలు రుబ్బుతూ నేను వినేవాణ్ణి. ఆవిడ అబద్ధమాడేది, వాడు అబద్ధమాడేవాడు, ఇద్దరూ ఎంత ముద్దుగా ఆడేవాళ్ళో. నాతో మాత్రం కినుయేకి మాటల్లేవు. నా గిన్నె బల్లమీద ఠపీమని పెట్టి వెళ్ళిపోయేది.

ఓ పొద్దున ఇంకా అచ్చులో వెయ్యని వేడి టోఫు గిన్నెలో వేసి పట్టుకెళ్ళాను. చెంచాతో రెండుసార్లు నోట్లో పెట్టాను. రెండూ దిగాయి.

"విరుపునీళ్ళు ఎక్కువ పోశావు. చేదొస్తోంది," అన్నాడు.

"చచ్చేముందు కూడా వంకలేనా?" అన్నాను, అన్నాక నాలిక కరుచుకున్నాను. వాడు మాత్రం హాయిగా నవ్వాడు. ఆ ఇంట్లో చావు అన్న మాట అన్నది అదొక్కసారే. వాడికి కావలసింది అదేననిపించింది నాకు.

"అమ్మ నిన్ను బాగా తిడుతోంది నాన్నా."

"తిట్టనీ."

"నావల్లే కదా. చెప్పేద్దామా?"

"నోర్మూసుకుని పడుకో. కోట నాది. తలుపు తెరిచింది నేను. తిట్లు కూడా నావే."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తప్ప పట్టుకోలేదు వాడు. అలాగే నిద్రపోయాడు. కింద పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, నేను కదల్లేదు.

పండగ వెళ్ళిన వారానికి, పొద్దున్నే, కినుయే పైనుంచి నా పేరు పెట్టి పిలిచింది. పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా పిలవలేదు. నురగ చేతులతోనే మెట్లెక్కాను. అప్పటికే అయిపోయింది. ఆవిడ వాడి మొహం తుడుస్తూ, "నొప్పి తగ్గిందమ్మా అన్నాడు. ఇప్పుడే అన్నాడు. ఇప్పుడే," అంటోంది.

*

అస్థికలు గుళ్ళో పెట్టి వచ్చిన సాయంత్రం కినుయే నాతో మాట్లాడింది. నల్లబట్టలు కూడా మార్చుకోలేదు.

"ఒక్కటే నయం. వాడికి తెలీకుండా పోయాడు. చివరిదాకా పుండే అనుకున్నాడు పిచ్చివెధవ."

"ఆఁ," అన్నాను.

"మీరు నోరు జారలేదు. ఆ ఒక్కటీ నిలబెట్టుకున్నారు." నావైపు తిరిగింది. "కానీ అక్కడే ఉంచితే వాడు కొత్త సంవత్సరం చూసేవాడు. మీ నిద్ర కోసం నా బిడ్డని తెచ్చి చంపారు. కాటికి పోయేదాకా మిమ్మల్ని క్షమించను."

"క్షమించకు," అన్నాను. ఆవిడకది పొగరులా వినిపించింది. వినిపించనీ.

ఆట పత్రికలో వచ్చింది. కుర్రాళ్ళు కొందరు కొండెక్కడానికి వచ్చి, మా కొట్లో టోఫు తింటూ, కోటవైపు ఆడితే గెలవడం ఎలా అని కొట్టుకునేవాళ్ళు. నేను వాళ్ళకేమీ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. కొట్టు ఇంకా ఉంది, మేమిద్దరం ఉన్నాం. కిందటి చలికాలం నాకు జ్వరం తగిలి పడుకున్నాను. కినుయే వచ్చి దుప్పటి సర్ది, నుదుటిమీద చెయ్యి వేసింది. ఎన్నేళ్ళయిందో ఆ చెయ్యి తగిలి. అలాగే కూర్చుని, మెల్లగా అంది:

"ఆ ఏడు మీకూ కష్టంగానే ఉండి ఉంటుంది. తండ్రి కదా. నాతో అనని మాటేదైనా ఉందా?"

చెయ్యి వెచ్చగా ఉంది. నాకు ఒక్కసారిగా భయం వేసింది. ఆవిడ ఇంకొక్క మంచిమాట అంటే చాలు, మొత్తం కక్కేస్తాను.

"కష్టమేముంది?" అన్నాను. "వాణ్ణి తెచ్చాక కడుపునిండా నిద్రపోయాను."

ఆవిడ చెయ్యి తీసేసింది. లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కింద గింజలు నానబోస్తున్న చప్పుడు వినపడింది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.